మళ్లీ ఆ కన్వెన్షన్‌కి వెళ్లాలా?
ఏటా ఎదురుచూసే ఫ్యాన్ కన్వెన్షన్, అంటే అభిమానుల మేళా, ఈసారి క్యూలతో, ఆటోగ్రాఫ్ టోకెన్లతోనే సరిపోయింది, మళ్లీ టికెట్ కొనాలా అని అడిగారు కదా. నన్నడిగితే ఈ ఏడాదికి వద్దు. మీ అభిమానంలో లోపమేమీ లేదండీ. ఈ మేళాలే అంత పెద్దవైపోయాయి. అమెరికాలో కామిక్స్ అభిమానుల మేళా శాన్ డియాగో కామిక్ కాన్‌నే చూడండి, 1970లో మొదలైనప్పుడు వచ్చింది దాదాపు 300 మంది, ఇప్పుడు లక్ష దాటుతారు. పెద్ద హాల్లో సీటు కోసం రాత్రంతా లైన్లో కూర్చుంటారు. ఇక పక్కవాళ్లతో తీరిగ్గా మాట్లాడేదెక్కడ?

మీకు కావలసింది ఆ కబుర్లే అయితే, అభిమానులే నడిపేవాటిని వెతకండి. 1939లో మొదలైన సైన్స్ ఫిక్షన్ అభిమానుల మేళా వరల్డ్‌కాన్‌ని ఇప్పటికీ వాలంటీర్లే నడుపుతున్నారు, ఎక్కడ జరగాలో సభ్యులే ఓటేసి తేలుస్తారు.

పాత స్నేహితులు మాత్రం పెద్దదానికే రమ్మంటే ఒక్కరోజు టికెట్ తీసుకోండి. హాళ్లు వదిలేసి ఆర్టిస్టుల బల్లల దగ్గర గడపండి. బొమ్మ గీసినవాళ్లే ఎదురుగా ఉంటారు, అడిగితే ఓపిగ్గా చెబుతారు.