లారీ ఆగినప్పుడే కుక్కకు గండం

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. రెండెకరాల వరి తమ్ముడికి అప్పగించి, చెన్నై మాధవరంలో ఉంటూ లారీ నడుపుతున్నాను. వారానికి రెండు ట్రిప్పులు విజయవాడకు. ఏడాదిన్నర వయసున్న మా పొలం కుక్కను రెండు నెలలుగా క్యాబిన్‌లో వెంట తీసుకువెళ్తున్నాను. రాత్రిళ్లు డీజిల్ దొంగల భయం తగ్గింది. ఈ మధ్య ఆగి ఉన్న లారీలో విపరీతంగా రొప్పుతోంది, ఒకసారి వాంతి చేసుకుంది. చెవుల్లో పిడుదులు కూడా కనిపించాయి. వెంట తీసుకువెళ్లవచ్చా? తోడుగా ఒక పగ్ పిల్లను ఇస్తామని పక్కింటివారు అంటున్నారు, తీసుకోమంటారా?
– ఒక రైతు, మాధవరం, చెన్నై

జవాబు: తీసుకువెళ్లవచ్చు. కానీ మీ ప్రశ్నలో ‘ఆగి ఉన్న లారీలో’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. బండి నడుస్తున్నంతసేపు గాలి ఆడుతుంది, కుక్కకు పెద్ద ఇబ్బంది ఉండదు. గోడౌన్ల ముందు సరుకు దించే వంతు కోసం మిట్టమధ్యాహ్నం వరుసకట్టిన లారీలను మాధవరం వైపు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. డ్రైవర్ చెట్టుకింద టీ తాగుతుంటాడు. కుక్క లోపలే ఉంటుంది, అద్దం రెండు వేళ్ల మేర దించి ఉంటుంది. ఆ సందు ఏమాత్రం చాలదు. ఎండలో నిలిపిన కార్లలో కొలిచి చూస్తే పది నిమిషాల్లో లోపలి వేడి 10 డిగ్రీల సెల్సియస్ వరకు, అరగంటలో 19 డిగ్రీల వరకు పెరిగింది. బయట 36 ఉంటే లోపల 55 అన్నమాట. పాత లారీల్లో దీనికి తోడు సీట్ల మధ్య ఇంజన్ మూత ఒకటి, బండి ఆపిన చాలాసేపటి వరకు పెనంలా కాలుతూనే ఉంటుంది. మీ కుక్క పడుకునే చోటు అదే అయి ఉంటుందని నా అనుమానం.

మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే అది ఒంటిని చల్లబరచుకునే దారి. పీల్చే గాలే సెగలా ఉంటే ఎంత రొప్పినా లాభం లేదు. దాని మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టే, 106 దాటితే మెదడు, మూత్రపిండాలు, పేగులు దెబ్బతింటాయి. చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, జొల్లు చిక్కబడటం, తూలడం, వాంతి దీని గుర్తులు. ప్రయాణం పడని కుక్క బండి కదులుతున్నప్పుడే పెదవులు నాకుతూ, జొల్లు కార్చి కక్కుతుంది. మీది ఆగి ఉన్న బండిలో, రొప్పుతూ కక్కింది. కాబట్టి అది ఎండదెబ్బకు తొలి హెచ్చరికే అనుకోండి. మీరు వేసుకునే వాంతి మాత్ర దానికి వేయవద్దు.

మళ్లీ అలా జరిగితే వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్లు ఒళ్లంతా ధారగా పోసి, విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకూడదు. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరు ఒకటి బండిలో ఉంచుకోండి. 103కు దిగగానే నీళ్లు పోయడం ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. లేచి తిరుగుతోందని ఊరుకోవద్దు, మూత్రపిండాల దెబ్బ ఒకటి రెండు రోజులు ఆగి బయటపడవచ్చు. చెన్నైలో ఉంటే వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు తెలిసే ఉంటుంది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, కానీ ఇంజన్ ఆపితే ఏసీ కూడా ఆగుతుంది. బండి దిగేటప్పుడు కుక్కనూ దించాలన్న నియమం ఒక్కటి పెట్టుకోండి. వేసవిలో సాయంత్రం బయలుదేరి తెల్లవారేసరికి విజయవాడ చేరేలా చూసుకోండి. మే మొదట్లో కత్తిరి ఎండలు మొదలైనప్పటి నుంచి రోహిణి కార్తె దాటేదాకా దాన్ని తమ్ముడి దగ్గరే వదిలేయడం నా సలహా. ఆ నెల డీజిల్‌కు తాళం మూతే కాపలా.

రాత్రి కాపలాకు దాన్ని చక్రానికి మాత్రం కట్టవద్దు. తెల్లవారుజామున నిద్రమత్తులో బండి కదిలించి, తర్వాత కుక్కను ఎత్తుకుని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన డ్రైవర్‌ను చూశాను. ఇక నడుస్తున్న బండిలో మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వేసి క్లీనర్ సీటు వైపు పొట్టిగా కట్టండి, బ్రేకు కిందికి దూరకుండా. రేడియేటర్ కూలెంట్ కారుతుంటే ఆ మడుగు దగ్గరికి పోనివ్వకండి. తియ్యగా ఉంటుందని నాకుతుంది, కొద్దిపాటిదే మూత్రపిండాలను పాడుచేస్తుంది. ధాబాలో మిగిలిన బిర్యానీ కూడా వద్దు. ఉల్లిపాయ కుక్కకు రక్తహీనత తెస్తుంది, ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

పిడుదుల సంగతి. చెవుల్లో కనిపించినవి కొన్నే, మిగతావి మీ సీటు కుట్లలో, చాపల కింద ఉంటాయి. రక్తం తాగి రాలిన ఆడ పిడుదు అలాంటి పగుళ్లలోనే వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకూ క్యాబిన్‌కూ ఒకే రోజు మందు పడాలి. చాపలు తీసి ఎండలో వేయండి, కుట్లను బ్రష్షుతో దులపండి, మందు కొట్టాక ఆరేదాకా కుక్కను ఎక్కించకండి. కుక్కకు నెలకో, మూడు నెలలకో ఒకసారి వేసే మాత్రలు ఉన్నాయి, డాక్టరు బరువును బట్టి ఇస్తారు. దాన్ని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తేడాయే దాని బరువు. ఇంట్లో గేదెల మందు మిగిలిందని దీనికి పూయడం, పొడవడం చేయకండి. జ్వరం, తిండి మానడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే పిడుదుల వల్ల జబ్బు సోకిందేమో రక్త పరీక్ష చేయించాలి.

పొలం కుక్క కాబట్టి టీకాలు పడలేదనే అనుకుంటున్నాను. దారి పొడవునా ధాబా కుక్కలతో కలబడేదానికి రేబిస్ టీకా ఇప్పుడే వేయించి, ఏటా కొనసాగించండి. గోడౌన్లలో ఎలుకలుంటాయి కాబట్టి, వాటి మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరా జబ్బును ఆపే టీకా కూడా అడగండి. ఆ కార్డును లారీ కాగితాలతోపాటే పెట్టుకోండి. మిమ్మల్ని గానీ క్లీనర్‌ను గానీ ఏ కుక్క కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

పగ్ పిల్ల విషయంలో నా జవాబు వద్దనే. అణిగిపోయిన ముక్కు, ఇరుకు శ్వాసనాళం వల్ల అది ఇంట్లో ఫ్యాను కిందే గురక పెడుతూ ఊపిరి తీస్తుంది. పొడుగు ముక్కున్న మీ పొలం కుక్కే ఇంత అవస్థ పడుతున్న క్యాబిన్‌లోకి దాన్ని ఎక్కించకండి.