ముక్కు తిరగడం లేదంటే ముందు పాదం సంగతి చూడండి

ఇన్నాళ్లూ ఇంజిన్ ముందున్న కార్లు నడిపి ఇప్పుడు ఇంజిన్ వెనక ఉండే పోర్షే 911తో ట్రాక్ మీదికి వెళ్తున్నారు. నెమ్మది మలుపుల్లో ముందు భాగం తిరగకుండా బయటికి జారుతోంది, భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే తోక విసురుతోంది, టైర్లు మార్చాలా, సస్పెన్షన్ మార్చాలా అన్నది మీ ప్రశ్న. ప్రస్తుతానికి రెండూ వద్దు. ఇవి రెండు జబ్బులు కావు, ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. 997 అనే తరానికి చెందిన 911తో మొదటి ఏడాదంతా నేనూ ఇదే బాధ పడ్డాను. అప్పట్లో నేను కూడా టైర్లనే తిట్టుకున్నాను.

నాకు బుద్ధి వచ్చిన మలుపు గురించి చెబుతాను. పొడవైన తిన్నని దారి, దాని చివర వెనక్కి తిరిగే కుడి మలుపు. పాత కారులో నేర్చుకున్న పద్ధతిలోనే తిన్నగా ఉండగా బ్రేకు వేసి, పూర్తిగా వదిలేసి, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పాను. కారు తిరగలేదు. ఇంకాస్త తిప్పాను. స్టీరింగ్ అంతవరకు చేతికి ఇస్తున్న బరువు హఠాత్తుగా పోయింది, నీళ్లలో గరిటె తిప్పినట్టు తేలికైపోయింది. రోడ్డు అంచు దగ్గర పడుతుంటే కాలు తీసేశాను. ముందు టైర్లకు అప్పుడు పట్టు దొరికింది, కానీ అప్పటికి నా చేతిలో స్టీరింగ్ అవసరానికి రెట్టింపు తిరిగి ఉంది. ముక్కు ఒక్కసారిగా లోపలికి దూకింది, తోక బయటికి వచ్చింది, నేను వచ్చిన దారి వైపు చూస్తూ ఆగాను. పక్క సీట్లో ఉన్న శిక్షకుడు కాసేపాగి, "బ్రేకు వదలడానికి మీకంత తొందర ఎందుకు?" అని మాత్రమే అడిగారు.

ఆ ప్రశ్నలోనే జవాబుంది. కాస్త లెక్క వేసి చూడండి. కారు బరువు 1,400 కిలోలు అనుకుందాం. అందులో 38 శాతం, అంటే సుమారు 530 కిలోలు ముందు చక్రాల మీద, 870 వెనక చక్రాల మీద ఉంటాయి. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, 2,350 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) మీద గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు దాదాపు 300 కిలోలు వెనక నుంచి ముందుకు వస్తాయి. అప్పుడు ముందు 830, వెనక 570. అదే మలుపులో ఓ మోస్తరుగా యాక్సిలరేటర్ ఇస్తే ముందు మిగిలేది 410 మాత్రమే. అంటే మీ ముందు టైర్ల మీది భారం మీ కుడి పాదాన్ని బట్టి రెట్టింపు అవుతుంది, సగం అవుతుంది. బరువు లేని టైరును ఎంత తిప్పినా ఏం లాభం? అప్పటికే జారుతున్న ముక్కు మీద యాక్సిలరేటర్ తొక్కడమంటే మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే.

అందుకని ఈ కారులో బ్రేకు ఆపడానికే కాదు, తిప్పడానికి కూడా. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టినప్పుడు బ్రేకు మీద ఇంకా కొంత ఒత్తిడి ఉండాలి. స్టీరింగ్ కోణం పెరుగుతున్న కొద్దీ ఆ ఒత్తిడిని తగ్గిస్తూ, అపెక్స్ (మలుపు లోపలి అంచుకు కారు అతి దగ్గరగా వచ్చే చోటు) దగ్గరికి వచ్చేసరికి సున్నా చేయాలి. చెప్పడం తేలికే, నా పాదానికి ఇది అలవాటు కావడానికి నాలుగు ట్రాక్ రోజులు పట్టింది. చివరి పది శాతం ఒత్తిడిని వదలడమే అసలు విద్య. ఠక్కున వదిలితే ముందు స్ప్రింగులు పైకి లేచి ముక్కు తేలిపోతుంది, అతిగా పట్టుకుంటే తేలికైన తోక తిరిగిపోతుంది. ఇంత చేసినా ముక్కు జారితే స్టీరింగ్‌ను కొంచెం వెనక్కి తిప్పి ఆగండి. మనసు ఒప్పుకోదు, కానీ టైరు మళ్లీ పట్టుకునేది అప్పుడే. బయటికి వచ్చేటప్పుడు కూడా స్టీరింగ్ విప్పుతున్న కొద్దీ మాత్రమే యాక్సిలరేటర్. ముందు కాస్త ఓపిక పడితే, వెనక చక్రాల మీదున్న ఆ బరువే మిమ్మల్ని ఇతర కార్లకన్నా ముందుగా మలుపులోంచి బయటికి తోస్తుంది.

వేగవంతమైన మలుపుల సంగతి వేరు. అక్కడ ప్రవేశంలోనే వేగం తగ్గించుకోండి, మధ్యలో కాలు పూర్తిగా ఎత్తకండి. వెనక ఇరుసుకు ఆవల వేలాడుతున్న ఇంజిన్ ఒకసారి పక్కకు కదలడం మొదలుపెడితే త్వరగా ఆగదు. ఈ సంగతి పోర్షేకు మొదటి నుంచీ తెలుసు. 1960ల తొలి 911లలో ముక్కుకు బరువు కోసం ముందు బంపర్ రెండు చివర్లా 11 కిలోల చొప్పున ఇనుప దిమ్మలు పెట్టేవారు! 1969 మోడల్‌కు వీల్‌బేస్‌ను 57 మిల్లీమీటర్లు పెంచాకే కారు కొంత కుదురుకుంది. 2017 నాటి 911 ఆర్‌ఎస్‌ఆర్ రేసు కారులోనైతే ఇంజిన్‌నే వెనక ఇరుసుకు ముందుకు తెచ్చేశారు. రోడ్డు కారు మాత్రం ఆ మొండితనాన్ని వదల్లేదు, నాలాంటివాళ్లకు అది నచ్చడానికి కారణమూ అదే.

ఇక సెట్టింగుల విషయం. పాదం కుదిరాక నేను చేసిన ఒకే ఒక్క ఉపయోగకరమైన మార్పు ముందు చక్రాల క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకు వంగి ఉండే కోణం. ట్రాక్ నుంచి రాగానే వంగి ముందు టైర్లను చూడండి. నా కారులో బయటి అంచు పక్క గోడ దాకా అరిగి, రబ్బరు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని ఉండేది; లోపలి అంచు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడేది. నెగటివ్ క్యాంబర్‌ను, అంటే చక్రం పైభాగం లోపలికి వంగే కోణాన్ని, రెండు డిగ్రీల దాకా పెంచాను. దానికి 911లోనే ట్రాక్‌కు తగిన రకమైన జీటీ3లో వాడే, పొడవు సర్దుకునే సస్పెన్షన్ లోయర్ ఆర్మ్‌లు అవసరమయ్యాయి. ఆ తర్వాత టైరు వెడల్పంతా పని చేయడం మొదలైంది. వెనక యాంటీ రోల్ బార్‌ను (మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) బిగించి ముక్కును తిప్పుదామని ఒకసారి ప్రయత్నించాను. నెమ్మది మలుపుల్లో బాగుంది, వేగవంతమైన మలుపులో చెమటలు పట్టించింది. మరుసటి సెషన్‌కే విప్పించాను.

మరొక చిన్న విషయం: 911లో పెట్రోలు ట్యాంకు ముందు ఉంటుంది. నా కారులో 64 లీటర్లు, నిండుగా ఉంటే దాదాపు 48 కిలోలు. ఉదయం చక్కగా తిరిగిన కారు సాయంత్రానికి మొరాయిస్తుంటే టైర్లను అనుమానించే ముందు ట్యాంకు ముల్లు చూడండి.

మీది ఏ తరం కారో రాయలేదు. 2011లో వచ్చిన 991 నుంచి వీల్‌బేస్ మరో 100 మిల్లీమీటర్లు పెరిగింది కాబట్టి అది మరిన్ని తప్పులను క్షమిస్తుంది. గాలితో చల్లబడే పాత కారు అయితే పైన చెప్పినవన్నీ సగం వేగంతో, ఖాళీ స్థలం బాగా ఉన్న మలుపులో మొదలుపెట్టండి.