డేటాబేస్‌కు చేరిన క్వెరీని చదువు

బిడ్డా,

వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల (కమీషన్ ఏజెంట్ల) కోసం మీరు చేస్తున్న వెబ్ అప్లికేషన్‌లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) సేవ్ చేస్తుంటే ఒక్కోసారి 1064 ఎర్రర్ వస్తోందని రాశావు. టెన్షన్ పడకు. మీ డేటాబేస్‌ని నడిపే మైఎస్‌క్యూఎల్‌కు నీ క్వెరీ (దానికి పంపే ఆదేశం) వ్యాకరణమే అర్థం కాలేదని ఆ నంబర్‌కు అర్థం. టేబుల్ లేకపోతే 1146, కాలమ్ పేరు తప్పయితే 1054 వచ్చేది. కాబట్టి సర్వర్‌ని రీస్టార్ట్ చేయడం, టేబుల్‌ని మళ్లీ తయారుచేయడం పెట్టుకోకు.

మెసేజ్‌లో 'నియర్' తర్వాత వచ్చే ముక్కను నిదానంగా చూడు. మైఎస్‌క్యూఎల్ అక్కడిదాకా చదివి ఆగింది. తప్పు అక్కడే ఉంటుంది, లేదంటే దానికి కాస్త ముందు. అక్కడ కోట్స్ మధ్య ఏమీ లేకపోతే క్వెరీ సగంలోనే అయిపోయిందన్నమాట. బ్రాకెట్ మూయకపోయినా, చివర రావాల్సిన విలువ ఖాళీగా వచ్చినా అలాగే కనిపిస్తుంది.

నువ్వు గంటలకొద్దీ చూస్తున్నది కోడ్‌ని. అందులో వేరియబుల్ పేరు మాత్రమే ఉంటుంది, విలువ ఉండదు. విలువలన్నీ చేరాక తయారైన పూర్తి క్వెరీని లాగ్‌లో (ప్రోగ్రామ్ తన రికార్డు రాసుకునే ఫైల్‌లో) రాయించు, దాన్నే చదువు. ఒక్కోసారే ఎందుకు వస్తోందో అప్పుడు తెలుస్తుంది. నా అనుమానం అడ్రస్ మీద. ఎవరైనా ఇంగ్లిష్‌లో టీచర్స్ కాలనీ అని అపాస్ట్రఫీ (') పెట్టి టైప్ చేస్తే, ఆ గుర్తు దగ్గరే నీ స్ట్రింగ్ (కోట్స్ మధ్య పెట్టిన అక్షరాలు) మూసుకుపోతుంది. మిగిలిన అక్షరాలు బయటపడి క్వెరీని పాడుచేస్తాయి. తెలుగులో టైప్ చేసినవాళ్లకు ఈ ఇబ్బంది రాదు.

అపాస్ట్రఫీని తీసేసే కోడ్ రాసి ఊరుకోకు బిడ్డా, ఈ మాట గట్టిగా చెబుతున్నా. ఆ సందులోంచే బయటివాడు తన క్వెరీని నీ క్వెరీలో కలిపి రైతుల లెక్కలన్నీ చూడగలడు, చెరిపేయగలడు కూడా. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడు. క్వెరీలో ప్రశ్నార్థకం పెట్టి, విలువను విడిగా పంపు. కాలమ్ పేరును మాత్రం ఇలా పంపలేవు. ఏ కాలమ్ ప్రకారం వరుస పెట్టాలో యూజర్ ఎంచుకుంటుంటే, ఒప్పుకునే పేర్ల జాబితా నీ కోడ్‌లోనే పెట్టుకుని దానితో సరిచూడు.

ప్రిపేర్డ్‌కి మారాక ఒక చిక్కు రావచ్చు. పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓను మామూలు సెట్టింగ్‌తో వాడుతూ, లిమిట్‌కు (ఎన్ని వరుసలు కావాలో చెప్పే చోట) ఇచ్చే అంకెను ఎగ్జిక్యూట్‌కు అర్రేలో పంపితే అది స్ట్రింగ్‌గా కోట్స్‌తో వెళ్తుంది, మళ్లీ అదే 1064. బైండ్‌వాల్యూలో ఇంటీజర్ అని చెప్పి పంపు.

ఇంకొకటి. మిర్చి నాణ్యతకు 'ర్యాంక్' అనే కాలమ్ పెట్టామన్నావు. మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్‌లో అది నడుస్తుంది. 8.0లో ఆ మాట రిజర్వ్‌డ్ (మైఎస్‌క్యూఎల్ తన వాడకానికే ఉంచుకున్నది) అయింది కాబట్టి పేరు చుట్టూ బ్యాక్‌టిక్స్ (` గుర్తులు) లేకపోతే ఆగిపోతుంది. సర్వర్ మార్చే ముందే ఆ పేరు మార్చేయండి.

ఎర్రర్ మెసేజ్‌ని అడ్తిదారు స్క్రీన్ మీద చూపించవద్దు. ఆయనకు దానితో పనిలేదు, దొంగకు మాత్రం మీ టేబుళ్ల పేర్లు తెలిసిపోతాయి. అది లాగ్‌కే పోవాలి.

రేపు లాగ్‌లో వచ్చిన పూర్తి క్వెరీ నాకు పంపు, చూస్తాను. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు తీసేసి పంపు.

నీ పెద్దనాన్న
హనుమకొండ