క్రోమోజోమ్ పరీక్ష నార్మల్ అయినా బాబుకు ఈ సమస్య ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. కనుబొమలు కలిసిపోయి, చేతులు చిన్నవిగా ఉన్నాయి. ఎదుగుదల తక్కువ. కార్యోటైప్ (క్రోమోజోముల పరీక్ష) నార్మల్‌గా వచ్చింది కానీ, జన్యు పరీక్షలో ఎన్‌ఐపీబీఎల్ జన్యువులో మార్పు ఉందని, ఇది కార్నీలియా డి లాంగె సిండ్రోమ్ అని చెప్పారు. మాది మేనరికం. అదే కారణమా? రెండో బిడ్డకూ వస్తుందా?

సలహా: ఆ రెండు రిపోర్టులూ సరైనవే కావచ్చమ్మా. క్రోమోజోములు 46 ఉన్నాయా, వాటిలో పెద్ద ముక్కలేవైనా తగ్గాయా లేక చోటు మారాయా అన్నంతవరకే కార్యోటైప్‌లో తెలుస్తుంది; ఒక్క జన్యువులోని చిన్న మార్పు అందులో కనిపించదు. ఒక్కో కణంలోని సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ, మిల్లీమీటరులో వందో వంతు పాటి కేంద్రకంలో హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. దాన్ని కొహీసిన్ అనే ఉంగరం ఆకారపు ప్రొటీన్ల సముదాయం మడతలుగా పైకి లాగడం వల్ల, దూరంగా ఉన్న నియంత్రణ భాగాలు తమ జన్యువుల దగ్గరకు చేరి వాటిని పనిచేయిస్తాయి. కొహీసిన్‌ను డీఎన్‌ఏ పైకి ఎక్కించి నడిపించేది మీ రిపోర్టులోని ఎన్‌ఐపీబీఎల్. అది తగ్గితే ఏదో ఒక జన్యువు పూర్తిగా ఆగిపోవడం కాక, గర్భస్థ దశలో ఎన్నో జన్యువుల పని కొద్దికొద్దిగా తేడా పడుతుంది. ముఖం, చేతులు, జీర్ణవ్యవస్థ, మెదడు ఇన్నిటి మీద ప్రభావం కనిపించేది అందుకే.

మేనరికం దీనికి కారణం కాదు. దగ్గరి సంబంధాలలో భయపడవలసింది తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యువు తాలూకు రెండు లోపభూయిష్ట ప్రతులు కలిసి వచ్చే వ్యాధుల విషయంలో. ఇక్కడ ఒక్క ప్రతిలో మార్పు చాలు, అది కూడా చాలామంది పిల్లలలో కొత్తగా ఏర్పడేదే. గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదానికీ, చేసినదానికీ దీనితో సంబంధం లేదు. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని తప్పుపడుతుంటే ఈ మాట వారికీ చెప్పండి.

మీ ఇద్దరి రక్తంలోనూ అదే మార్పు కోసం పరీక్ష చేయించండి. ఎవరిలోనూ లేకపోయినా, కొన్ని అండాలలోనో వీర్యకణాలలోనో అది దాగి ఉండే వీలున్నందువల్ల మళ్లీ రావడానికి సుమారు 1 శాతం అవకాశం ఉంటుంది. కాబట్టి తర్వాతి గర్భంలో 11 వారాలు దాటాక మాయ నుంచి గానీ, 15 వారాలు దాటాక ఉమ్మనీటి నుంచి గానీ నమూనా తీయించవచ్చు; బాబు రిపోర్టు తప్పక వెంట ఉండాలి.

ప్రస్తుతం బాబుకు వినికిడి, కంటి, గుండె పరీక్షలు చేయించి, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఆలస్యం చేయకుండా మొదలుపెట్టించండి. ఈ పిల్లల్లో తిన్నది గొంతులోకి ఎగదన్నడం చాలా మామూలు, దానికి మందులున్నాయి. కానీ పేగు మెలిపడే ప్రమాదం కూడా వీరికి ఎక్కువ గనుక, ఆకుపచ్చని వాంతి అయినా, పొట్ట ఉబ్బి బాబు ఆగకుండా ఏడుస్తున్నా తెల్లవారేదాకా ఆగకుండా పిల్లల శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.