జాకెట్టు కొలతలు తెలిసిన చేతికి ఏఐ భయమా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఫోన్‌లో చాట్‌జీపీటీ (అడిగినదానికి జవాబు రాసిచ్చే ఏఐ యాప్) పెట్టి ఇచ్చాడు. తెరుస్తాను, ఏం అడగాలో తోచక మూసేస్తాను. తప్పుగా అడిగితే ఏదైనా పాడవుతుందేమోనని టెన్షన్.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏమీ పాడవదమ్మా. పిచ్చి ప్రశ్న వేస్తే పిచ్చి జవాబు వస్తుంది, అంతే. అసలు చాట్‌జీపీటీ జనంలోకి వచ్చిందే 2022 నవంబరు 30న. ఇందులో ఎవరికీ తాతల నాటి అనుభవం లేదు.

టైప్ చేయడం కష్టమైతే మైక్ గుర్తు నొక్కి తెలుగులోనే మాట్లాడండి. ముందు మీకు బాగా తెలిసిన సంగతే అడగండి. ‘ఛాతీ 36 అంగుళాలు, లైనింగ్ జాకెట్టు, గుడ్డ ఎంత కావాలి?’ అని. జవాబులో తప్పుంటే మీకు ఇట్టే దొరికిపోతుంది. ‘చేతులు మోచేతి దాకా కావాలి, మళ్లీ లెక్క వేయి’ అనండి. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. మా మనవడు విసుక్కుంటాడు.

నేనూ మొదట్లో బోల్తా పడ్డాను. ఇలాంటి ఏఐ యాప్‌నొకదాన్ని మా ఊరి గుడి చరిత్ర అడిగితే, ఎన్నడూ లేని రాజుగారిని తెచ్చి ఆయనే కట్టించాడంది. అదీ ఎంతో ధీమాగా! తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టుకుంటూ రాస్తాయి ఈ యాప్‌లు. తెలియని చోటా అదే ధాటి. అందుకే మందుల మోతాదు, డబ్బు వ్యవహారం దాని మాట మీద తేల్చకండి. ఆధార్ నంబరు, ఓటీపీ అసలే చెప్పకండి.

ఈ వారం ఒక్క పని చేయండి. కుట్టడం ఆలస్యమైందని కస్టమరుకు పంపే వాట్సాప్ మెసేజ్ రాయించండి. మరీ గ్రాంథికంగా రాస్తే, ‘మా తెనాలి మాటల్లో చెప్పు’ అనండి.