గోడకీ నెమ్మే, రొమ్ముకీ నెమ్మే

నెల్లూరు

చిట్టితల్లికి,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిన కాణ్ణించీ నా మనసు మనసులో లేదు. బాబుకి పగలంతా బాగుండి, పడుకున్నాకే దగ్గు మొదలవుతోందన్నావు. మంచం ఆనించిన గోడకి నల్లగా బూజు పట్టిందనీ, ఇంటాయన రంగేయిస్తానన్నాడనీ అన్నావు. ఈ రెండూ వేరే వేరే సంగతులు అనుకోబాకమ్మా. గోడ తడిస్తే నెమ్మంటాం, పిల్లోడి రొమ్ము పట్టేసినా నెమ్మనే అంటాం.

2021 నవంబర్‌లో పెన్నా పొంగి మన ఇంట్లో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి గదా. సంక్రాంతికి ఇల్లు కళగా ఉండాలని నేనే తొందరపెట్టి, గోడలు ఆరకముందే లప్పం పెట్టించి రంగేయించా. ఎండాకాలానికి పొక్కులు లేచాయి. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నలుపు. అప్పటికే మీ పెదనాన్నకి దగ్గు. రెండేళ్ళు సిరప్‌లు మార్చాం. చివరికి ఊపిరితిత్తుల డాక్టరు గొట్టంలోకి ఊదించి, "ఇంట్లో చెమ్మ ఉందా?" అనడిగాడు. అంతవరకూ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇప్పటికీ ఆయన జేబులో ఇన్‌హేలర్ ఉండాల్సిందే.

బూజు కంటికి కనపడని పొడి వదుల్తుంది. రాత్రంతా ఆ గోడ పక్కనే పడుకుంటే అది లోపలికే పోతుంది. అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు గానీ, ఉబ్బసం ఉన్న వంశంలో పిల్లల్ని ముందు పట్టుకుంటుంది. మీ ఆయన వైపు ఉంది గదా. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళల్లో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏళ్ళ తరబడి పీలిస్తే కొద్దిమందికి ఊపిరితిత్తులే గట్టిపడతాయి, అవి మళ్ళీ మెత్తబడవు. మతిమరుపు మొదలు క్యాన్సర్ దాకా అన్నీ బూజు వల్లేనని వాట్సాప్‌లో వచ్చేవి మాత్రం నమ్మబాక.

ఇవాళే మంచం ఆ గదిలోంచి తీసెయ్యి. తర్వాత నీళ్ళెక్కడ్నించి వస్తున్నాయో చూడు. పైన బాత్రూమ్ పైపు కారుతోందా, స్లాబు మీద నీళ్ళు నిలుస్తున్నాయా, పునాదిలోంచి చెమ్మ ఎక్కుతోందా? అది ఆపకుండా ఎన్ని రంగులేసినా దండగే. తుడిచే రోజు బాబుని అమ్మమ్మ దగ్గరికి పంపు. ఎన్‌95 మాస్కు, గ్లౌజులు వేసుకో. పొడి చీపురుతో గీకబాక, పొడంతా లేస్తుంది. సర్ఫు నీళ్ళు, తడిగుడ్డ చాలు, ఆపైన ఫ్యాను పెట్టి ఆరబెట్టు. చచ్చిన బూజు కూడా దగ్గు తెప్పిస్తుంది, కాబట్టి చంపి వదిలెయ్యకుండా పూర్తిగా తీసెయ్యాలి. బ్లీచింగ్, బాత్రూమ్ యాసిడ్ కలిపావంటే విషవాయువు పుడుతుంది, జాగ్రత్త తల్లీ.

మనకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యనే కురుస్తుంది. ఆ మూణ్ణెల్లూ తడిబట్టలు గదిలో ఆరేయబాక, బీరువాని గోడకి జానెడు దూరం జరుపు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ గోడ ఫోటో చూపించు. ఇంటాయన రంగుతో సరిపెడతానంటే ఒప్పుకోబాక. ఆ గోడ ఆరిందాకా మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. శనివారం కావలి బస్సెక్కి నేనే వస్తా, బాబు బట్టలు సర్ది ఉంచు.

మీ పెద్దమ్మ