సోషల్ మీడియా ఇంగ్లిష్: పదాలన్నీ తెలిసినా వాక్యం ఎందుకు అతకదు?

ఇంగ్లిష్ పేపర్లు, నవలలు ఇబ్బంది లేకుండా చదువుతారు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకి తయారవుతున్నారు, కానీ సోషల్ మీడియా గురించి మాట్లాడాల్సి వస్తే మాత్రం తడబడుతున్నారు, ఏ పదాలు నేర్చుకోవాలి అని ఒకరు అడిగారు. ఇంగ్లిష్ చెబుతూ, రాతలు దిద్దుతూ గమనించినదాన్ని బట్టి చెబుతున్నాను. పదాల పట్టికలు పక్కన పెట్టేయండి. పోస్ట్, ఫాలోవర్, కంటెంట్, వైరల్ లాంటివన్నీ తెలుగులోనే రోజూ వాడుతున్నాం. లోపమంతా వాటి పక్కన ఏ క్రియ, ఏ ప్రిపొజిషన్ రావాలన్న దగ్గర, ఆ మాటలో మెచ్చుకోలు ఉందా విమర్శ ఉందా అన్న దగ్గర ఉంటుంది.

మొదట ‘లో’ సంగతి. ఫేస్‌బుక్‌లో, గ్రూపులో, కామెంట్లలో అని అన్నిటికీ మనకు ఒకే ‘లో’ సరిపోతుంది. అందుకే ‘ఇన్ ఫేస్‌బుక్’ అని వచ్చేస్తుంది. యాప్, సైట్ పేరు ముందు ‘ఆన్’ పెట్టాలి: ఆన్ ఫేస్‌బుక్, ఆన్ యూట్యూబ్, ఆన్ ఎక్స్. వాటి లోపలి భాగాలకు చాలావరకు ‘ఇన్’: ఇన్ ద కామెంట్స్, ఇన్ ఎ వాట్సాప్ గ్రూప్, ఇన్ మై డీఎమ్స్ (నేరుగా ఒకరికే పంపే మెసేజ్‌లు), ఇన్ ద బయో (ప్రొఫైల్‌లోని చిన్న పరిచయం). ఫీడ్‌కి మాత్రం ‘ఆన్ మై ఫీడ్’, ‘ఇన్ మై ఫీడ్’ రెండూ వింటాం.

తర్వాత ‘కి’. “మీ పోస్ట్‌కి లైక్ కొట్టాను” అని ఆలోచించి రాసేవాళ్లు “ఐ లైక్డ్ టు యువర్ పోస్ట్” అంటారు. అక్కడ ‘టు’ అక్కర్లేదు. లైక్, ఫాలో, బ్లాక్, మ్యూట్, డీఎమ్... వీటన్నిటి తర్వాత నేరుగా మనిషో పోస్టో వస్తుంది: “డీఎమ్ మీ” అంతే, “డీఎమ్ టు మీ” కాదు. తిరకాసు ఏమిటంటే, ప్రిపొజిషన్ తప్పనిసరిగా కావాల్సిన చోట మనం దాన్ని వదిలేస్తాం. “సబ్‌స్క్రైబ్ మై ఛానెల్” అని మన యూట్యూబ్ వీడియోల్లో ఎంతమంది అంటారో మీరే వినుంటారు. “సబ్‌స్క్రైబ్ టు మై ఛానెల్” అనాలి. అలాగే కామెంట్ ఆన్ ఎ పోస్ట్, రిప్లై టు ఎ కామెంట్, రియాక్ట్ టు ఎ స్టోరీ, ట్యాగ్ మీ ఇన్ ద ఫొటో. ఇవి ముక్కలుగా కాకుండా మొత్తంగా నోటికి రావాలి.

వైరల్ ‘అవ్వడం’ కూడా ఇలాంటిదే. “బికేమ్ వైరల్” తప్పేమీ కాదు, కానీ సహజంగా వినిపించేది “వెంట్ వైరల్”. కంటెంట్‌ని వీడియోలు, పోస్టులు అనే అర్థంలో వాడితే బహువచనం లేదు. “గుడ్ కంటెంట్స్” అని రాస్తే ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో వ్యాకరణం దగ్గర దెబ్బ తింటారు. ‘ఫాలోయింగ్’ ముందు ఆర్టికల్ మరవకండి: “షి హ్యాజ్ ఎ హ్యూజ్ ఫాలోయింగ్”.

ఇక మనం ఒక అర్థంలో, బయటివాళ్లు ఇంకో అర్థంలో వాడే మాటలు. మంచి స్థాయిలో ఉన్నవాళ్లు కూడా ఇక్కడే పడిపోతారు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. మన దగ్గర ఒక ట్రైలర్ బాగోలేకపోతే మీమ్స్ వేసి ఆటపట్టించడం ట్రోలింగ్. ఇంగ్లిష్‌లో ‘ట్రోల్’ అంటే ప్రధానంగా అవతలివాళ్లను కావాలని రెచ్చగొట్టి గొడవ చూసేవాడు. “ద యాక్టర్ వాజ్ ట్రోల్డ్ ఫర్ హిజ్ యాక్సెంట్” అంటే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. అంతర్జాతీయ పాఠకులకు రాసేటప్పుడు “వాజ్ మాక్డ్ ఆన్‌లైన్” అనండి. స్నేహితులతో అయితే “గాట్ రోస్టెడ్” చాలు. జనం గుంపుగా ఒక్కడి మీద పడితే అది ‘పైల్-ఆన్’. కంపెనీ మీదో ప్రభుత్వ నిర్ణయం మీదో ఆగ్రహం వస్తే ‘బ్యాక్‌లాష్’: “ద డెసిషన్ ఫేస్డ్ ఎ బ్యాక్‌లాష్”. రాజకీయ పార్టీయో అభిమాన సంఘమో వెనకుండి దొంగ అకౌంట్లతో, జనమే స్వయంగా మాట్లాడుతున్నట్టు చూపిస్తే ‘ఆస్ట్రోటర్ఫింగ్’. కృత్రిమ గడ్డి బ్రాండు పేరు నుంచి వచ్చిన మాట ఇది, వ్యాసాల్లోనూ నిస్సంకోచంగా వాడొచ్చు.

‘నెటిజన్లు’ మన పత్రికలకు ప్రాణం. అమెరికా, బ్రిటన్ వాళ్ల రోజువారీ మాటల్లో మాత్రం అరుదు. ‘పీపుల్ ఆన్‌లైన్’, ‘సోషల్ మీడియా యూజర్స్’ అనండి. ‘డీపీ’ అన్నా అక్కడ చాలామందికి తెలియదు, ‘ప్రొఫైల్ పిక్చర్’ అనాలి.

ఉద్యోగానికి పనికొచ్చే జంట ఒకటుంది: రీచ్, ఇంప్రెషన్స్. ఒక పోస్ట్‌ని 1,000 మంది చూశారు, అందులో 500 మందికి అది రెండోసారి కూడా కనబడింది అనుకుందాం. రీచ్ 1,000, ఇంప్రెషన్స్ 1,500. ఇంటర్వ్యూలో ఈ రెండూ కలిపేస్తే వెంటనే దొరికిపోతారు. అలాగే మిస్‌ఇన్ఫర్మేషన్ అంటే తప్పుడు సమాచారం, తెలియక పంపినా సరే. డిస్‌ఇన్ఫర్మేషన్ అంటే తప్పని తెలిసీ మోసం చేయడానికి పంపేది. ‘ఫేక్ న్యూస్’ అనే చోట ఈ రెండిట్లో సరైనది ఎంచుకుంటే వ్యాసం బరువే మారిపోతుంది.

కొత్త మాటల్లో నిలబడేవి, రాలిపోయేవి ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023లో ‘రిజ్’ (ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు), 2024లో ‘బ్రెయిన్ రాట్’ (పనికిరాని కంటెంట్ తెగ చూసి బుర్ర మొద్దుబారడం), 2025లో ‘రేజ్ బెయిట్’ని (కావాలని కోపం తెప్పించే పోస్టులు) ఆ ఏటి మాటగా ప్రకటించారు. రిజ్ లాంటి కుర్రకారు మాటలు వింటే అర్థమైతే చాలు, మీరు వాడక్కర్లేదు. రేజ్ బెయిట్, డూమ్‌స్క్రోలింగ్ (చెడు వార్తలు ఆపకుండా చూస్తూ పోవడం), క్లిక్‌బెయిట్ (క్లిక్ చేయించడానికి పెట్టే ఊరించే శీర్షిక) అలా కాదు, ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ మూడో భాగంలో హాయిగా వాడొచ్చు. రైటింగ్ టాస్క్ 2లో, అంటే వ్యాసంలో, వాటిని విడమరిచి రాయండి: రేజ్ బెయిట్ బదులు “పోస్ట్స్ డిజైన్డ్ టు ప్రొవోక్ యాంగర్”.

సాధన ఇలా చేయండి. మాట తగలగానే కేంబ్రిడ్జ్ లేదా ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ ఆన్‌లైన్ నిఘంటువు తెరవండి. అర్థం కంటే ముందు లేబుల్ చూడండి: ఇన్‌ఫార్మల్, స్లాంగ్, డిస్అప్రూవింగ్ అని ఉంటుంది. తర్వాత ఉదాహరణల్లో ఆ మాటకు ముందూ వెనకా ఏం వస్తోందో నోట్‌బుక్‌లో ఒక లైన్, లేబుల్ ఒక లైన్, సొంత వాక్యం ఒక లైన్ రాసుకోండి. వారానికి పది మాటలు దాటకండి, దాటితే అర్థాలే మిగులుతాయి, వాడుక రాదు. వార్తల్లో ఎలా వాడుతున్నారో తేలకపోతే న్యూస్ ఆన్ ద వెబ్ కార్పస్‌లో (వార్తల పాఠాల భారీ సేకరణ) వెతకండి, దేశాల వారీగా కూడా కనిపిస్తుంది. అర్బన్ డిక్షనరీలో ఎవరైనా ఏదైనా రాయొచ్చు కాబట్టి అక్కడ చూసింది వేరేచోట ఖాయం చేసుకున్నాకే వాడండి.

ఉచ్చారణకు యూగ్లిష్ మంచిది, మాట టైప్ చేస్తే యూట్యూబ్ వీడియోల్లో ఆ మాట పలికిన చోట్లు వినిపిస్తుంది. ముందు ‘కంటెంట్’ వెతకండి. కంటెంట్ క్రియేటర్ అన్నప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద, ‘కాన్’ మీద పడాలి. రెండో దాని మీద ఊనితే అది ‘తృప్తిగా ఉన్న’ అనే వేరే మాట అవుతుంది. ‘ఇన్‌ఫ్లుయెన్సర్’, ‘ఆల్గరిథమ్’ రెండిటికీ కూడా మొదటి అక్షరం మీదే ఊనిక.